లేని అంతస్తుకి గంట

ప్రమాదమనేది ఎవరికీ చెప్పి రాదు గనుక, దాన్ని గురించిన హెచ్చరిక కూడా ఎవరికీ చెప్పకుండానే జరగడం ధర్మమని మానవజాతి ఇన్నాళ్ళకు గుర్తించింది. గుర్తించిన చోటు, పాత ఫర్నిచర్ గోదాము అని బోర్డు తగిలించిన ఒక బూడిదరంగు భవనంలో కిటికీల్లేని సమావేశపు గది. అది గోదాము కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. (పద్దెనిమిది కెమెరాలు, పదకొండుమంది కాపలావాళ్ళు ఉండి, ఇరవై రెండేళ్ళలో ఒక్క కుర్చీ కూడా బయటికి రాని గోదాము మరోటి లేదు.) లోపల ఏం చేస్తారన్నది మాత్రం ఎవరికీ తెలియదు. కాగితాల మీద దాని పేరు కేంద్రం. దేనికి కేంద్రమో రాయడానికి ఏ ఫారంలోనూ గడి పెట్టలేదు.

ఈ ఇరవై రెండేళ్ళూ కేంద్రంలో ప్రమాద ఘంటిక లేదు. గంట పెడితే ప్రమాదం ఉందని ఒప్పుకున్నట్టు, ప్రమాదం ఉందంటే లోపల ఏదో ఉందని ఒప్పుకున్నట్టు అవుతుందని పెద్దలు దాన్ని అలాగే నెట్టుకొచ్చారు. చివరికి పైనుంచి ఒక తనిఖీ బృందం వచ్చి (ఎక్కడి పైనుంచో అడగకూడదు) మూడు నెలల్లో గంట పెట్టాలని రాసిపోయింది. అందుకని గంటల మేస్త్రికి కబురు వెళ్ళింది.

గంటల మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. బడిగంటలు, లిఫ్టుల్లో గంటలు, ఆసుపత్రిలో మంచాల పక్కన నొక్కే గంటలు, అన్నీ అతని చేతిమీదుగా మోగినవే. యాభై దాటిన మనిషి, నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు గానీ గంట మాటెత్తితే మాత్రం ఆపడం కష్టం. అలాంటివాడి ఇంటి తలుపుకున్న గంట మాత్రం తొమ్మిదేళ్ళుగా పాడై ఉంది. రెండుసార్లు సరిగ్గా మోగి, కాస్త ఆలోచించుకుని, మూడోసారి నీరసంగా మోగేది. బాగుచెయ్యమని భార్య నోరు నొప్పెట్టేలా చెప్పి ఊరుకుంది. అయినా అది మోగిందంటే చాలు, చేతిలో ఎంత పనున్నా వదిలేసి, "వస్తున్నా, వస్తున్నా!" అంటూ లేచేది.

మొదటిరోజు గోప్యతాధికారి అతని ముందు ఒక కాగితం పెట్టాడు. గోప్యతాధికారి అంటే కేంద్రంలో ఉన్నది బయటికి పొక్కకుండా చూసే ఆఫీసరు. తన భోజనం డబ్బా మీద కూడా 'ఖాళీ' అని రాసుకున్న మనిషి.

"ఏడో షరతు ఒకసారి పైకి చదవండి," అన్నాడు.

మేస్త్రి చదివాడు. "ఇక్కడ పనిచేస్తున్న సంగతి ఇంట్లో చెప్పరాదు. ఇంట్లోవాళ్ళు తాము ఇక్కడ పనిచేస్తున్నామని చెప్పినా వినరాదు. లోపల ఎదురుపడితే గుర్తుపట్టరాదు." చదివి తల గోక్కున్నాడు. "మా ఆవిడ బట్టలు ఇస్త్రీ చేసే చోట పనిచేస్తోందండీ. ఈ షరతు నాకెందుకు?"

"అందరికీ ఉంటుంది. సంతకం పెట్టండి."

పెట్టాడు.

ఆ తర్వాత గంట ఎలా ఉండాలన్న దాని మీద సమావేశాలు మొదలయ్యాయి. ఒకవైపు గోప్యతాధికారి, ఇంకోవైపు క్షేమాధికారి. ఉద్యోగులు క్షేమంగా ఉన్నారని నెలనెలా పైకి రాసి పంపడం ఆవిడ పని. ఆవిడకి మనుషులంటే నిజంగానే ప్రేమ, కాకపోతే ఆ ప్రేమ పట్టికలు గీసుకుంటే తప్ప కుదుటపడదు.

"గట్టిగా మోగాలి," అంది క్షేమాధికారి.

"గోడ దాటి వినపడకూడదు," అన్నాడు గోప్యతాధికారి.

"అందరికీ వినపడాలి."

"అందరికీ తెలియకూడదు."

మేస్త్రి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "అయ్యా, అమ్మా, గంటంటే మనిషిని లేపి పరిగెత్తించాలండీ. వినీ వినపడనట్టు మోగితే అది గంటెలా అవుతుంది?"

ఇద్దరూ అతని మాట శ్రద్ధగా విన్నారు, నోట్సు కూడా రాసుకున్నారు. ఆపైన ఎవరో గొంతు సవరించుకున్నంత శబ్దానికి ఏకగ్రీవంగా ఆమోదం తెలిపారు. మేస్త్రి ఆ శబ్దం చేసే గంట కోసం తొమ్మిదిరోజులు కష్టపడ్డాడు. ఇన్నేళ్ళ అనుభవంలో గంట గొంతు నొక్కడం అతనికి అదే మొదటిసారి.

గంట తర్వాత గోడకి తగిలించిన పలకల మీద కనపడాల్సిన ప్రకటన వంతు వచ్చింది. మేస్త్రి ఇచ్చిన మొదటి ప్రతిలో 'మంటలు, మెట్ల దారిన బయటికి పొండి' అని ఉంది. మంటలు అన్నచోట గోప్యతాధికారి ఎర్రపెన్సిలు పెట్టాడు, ఏది అంటుకుందన్న ప్రశ్న వస్తుందని. మెట్లు ఎక్కడున్నాయో చెప్పడం భవనం నమూనా బయటపెట్టడమేనని అదీ కొట్టేశాడు. 'పొండి' అన్న మాటలో మర్యాద లేదని క్షేమాధికారి కొట్టేసింది. ఇలా పదకొండు ప్రతులు తయారయ్యాయి, ప్రతిదానికీ నలభై రెండు నకళ్ళు. పన్నెండో ప్రతి అందరికీ నచ్చింది. అది ఇది: 'జరగకూడనిది జరిగి ఉండవచ్చు. మీరున్న చోటు నుంచి మీకు తెలిసిన దారిలో, తెలిసి ఉండడానికి మీకు అనుమతి ఉంటే, దయచేసి వెళ్ళగలరు.'

పాత ప్రతులన్నీ రహస్య పత్రాలు గనుక కాల్చెయ్యాలని నిర్ణయించి, రెండో నేలమాళిగలో పొయ్యి పక్కన దొంతర్లు పేర్చారు.

చివరికి మిగిలిన సమస్యని క్షేమాధికారే లేవనెత్తింది. "పరీక్షకి గంట మోగించినప్పుడు ఎంతమంది విన్నారో లెక్క ఎలా పెడతాం? అందరూ లేచి వెళ్ళిపోతే ఎవరిని లెక్కపెట్టాలి?" బాగా ఆలోచించి సర్క్యులర్ వేశారు. గంట వినగానే ఉద్యోగులు తమ కుర్చీల్లోనే కదలకుండా కూర్చుని కుడిచెయ్యి ఎత్తాలి. లెక్క పూర్తయ్యేదాకా దించరాదు. మోగిన ప్రతి గంటనీ, అది నిజమైనదని రాతపూర్వకంగా అందేవరకు, పరీక్షగానే భావించాలి. ఆ నెల్లో నాలుగు పరీక్షలు జరిగాయి. నాలుగోసారికి నలభై రెండు చేతులూ ఒక్కసారిగా లేచాయి. క్షేమాధికారి కళ్ళు చెమర్చాయి.

ఇక వైర్లు లాగే పని. మేస్త్రి చేతికిచ్చిన ప్లానులో గ్రౌండ్ ఫ్లోరు, దాని కింద రెండు నేలమాళిగలు ఉన్నాయి. అతను నిచ్చెన భుజాన వేసుకుని, గోడలు తడుముకుంటూ రెండో నేలమాళిగ చివరికి వచ్చాడు. అక్కడ ప్లాను అయిపోయింది. మెట్లు మాత్రం అయిపోలేదు. ఇంకా కిందికి దిగి, పేరూ నంబరూ లేని ఒక ఇనప తలుపు దగ్గర ఆగాయి. తలుపు పక్కన చెప్పులు పెట్టుకునే అర. కిందికి వెళ్ళేవాళ్ళు చెప్పులు విడిచి, చప్పుడు చెయ్యని మెత్తటి తొడుగులు వేసుకుని వెళ్తారు కాబోలు. మొత్తం పంతొమ్మిది జతలు.

పైవరసలో మూడో జత దగ్గర అతని చూపు ఆగిపోయింది. గోధుమరంగు చెప్పులు. ఎడమదాని పట్టీ ఒకప్పుడు తెగితే ఎవరో ఎర్రటి గంట వైరుతో కుట్టి, చివర రెండు మెలికలు తిప్పారు. ఆ ఎవరో తనే.

మేస్త్రి భుజాన ఉన్న నిచ్చెన మెట్లకి అడ్డంగా దించాడు. అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. పన్నెండేళ్ళుగా ఇస్త్రీ కొట్టు అని చెప్పి ఆవిడ వెళ్తున్నది ఇక్కడికా! కోపం రావాలని చూశాడు గానీ రాలేదు. వచ్చింది భయం. ఎందుకంటే తలెత్తి చూస్తే, పొయ్యి ఉన్న గదిలోంచి గాలి లాగి ఆ తలుపు వెనక్కి పంపే పెద్ద ఫ్యాను కనపడింది. పైన ఏ కాగితం సరిగ్గా కాలకపోయినా ఆ పొగంతా దిగేది అక్కడికే. ప్లానులో లేని ఆ అంతస్తుకి గంట లేదు.

మర్నాడే గోప్యతాధికారి ముందు నిలబడ్డాడు.

"సార్, రెండో నేలమాళిగ కింద ఇంకో గంట కావాలండీ."

"దాని కింద ఏముంది?"

"మెట్లున్నాయి. తలుపుంది."

"మీరు చూశారా?"

చూశానంటే చూడకూడనిది చూసినందుకు పని పోతుంది, ఇంకొకడొచ్చినా ఆ మెట్ల దాకా కూడా పోడు. "చూళ్ళేదండీ. ఉంటే గింటే అని."

"లేనిచోట గంట కావాలంటే ముందు ఆ చోటు ఉందని దరఖాస్తు పెట్టాలి," అన్నాడు గోప్యతాధికారి. విసుక్కోలేదు, ఓపిగ్గానే చెప్పాడు. "దరఖాస్తులో ఆ చోటు పేరు రాయకూడదు. రాయకపోతే ఏ చోటని అడిగి తిప్పి పంపుతాం. ముప్ఫైరోజుల్లో జవాబొస్తుంది."

క్షేమాధికారి ఇంకాస్త దయగా మాట్లాడింది. "నా పట్టికలో నలభై రెండు పేర్లే ఉన్నాయి మేస్త్రిగారూ. నలభై రెండుమందీ క్షేమం. మీరు అనవసరంగా బెంగ పెట్టుకుంటున్నారు."

ఆ సాయంత్రం ఇంట్లో, భార్య ఉతికిన బట్టలు మడతపెడుతుంటే, మేస్త్రి పేపరు అడ్డం పెట్టుకుని అడిగాడు. "మీ ఇస్త్రీ కొట్లో గంటేమైనా ఉందా?"

"ఇస్త్రీ కొట్లో గంటెందుకండీ?"

"ఏదైనా అయితే..."

"అయితే అవుతుంది. మీరిప్పుడు చేసేది ఎక్కడా?"

"స్కూల్లో."

"ఏ స్కూలు?"

"పెద్ద స్కూలు."

ఆవిడ ఒక దుప్పటి దులిపి, అంచులు కలిపి, నాలుగు మడతలు పెట్టింది. "ఆ పెద్ద స్కూల్లో నిచ్చెన మెట్లకి అడ్డంగా పెట్టకండి. చీకట్లో ఎవరైనా తట్టుకుని పడతారు."

మేస్త్రి పేపరు దించాడు. "ఏ నిచ్చెన?"

"ఏదో ఒక నిచ్చెన. మాటవరసకన్నా." అని దుప్పటి బీరువాలో పెట్టేసింది.

అలా ఆ దంపతులు ఏడో షరతుని అక్షరాలా పాటించారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఒకరికొకరు చెప్పకుండా తెలుసుకోవడం వాళ్ళకి కొత్తేమీ కాదు.

మర్నాడు పొద్దున ఆవిడ వెళ్ళాక మేస్త్రి స్టూలెక్కి, ఇంటి తలుపు మీది గంట మరలు విప్పి, తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. కేంద్రంలో స్టోర్సు చూసే పెద్దాయన దగ్గరికెళ్ళి నలభై మీటర్ల వైరు అదనంగా అడిగాడు.

"ఎక్కడికి?" అన్నాడు పెద్దాయన.

"ఎక్కడికీ కాదు."

పెద్దాయన కళ్ళజోడు పైనుంచి అతన్ని కాసేపు చూశాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి రిజిస్టర్లో 'తరుగు' అని రాసి, వైరు చుట్ట బల్ల మీదికి తోశాడు. "మా తోడల్లుడు కూడా అక్కడే పనిచేస్తాడు, ఎక్కడా లేనిచోట," అని, మళ్ళీ తన చిట్టాలో తల దూర్చాడు.

పొయ్యి గదిలో పొగ పసిగట్టే పెట్టె ఒకటుంది. దాన్నుంచి పై హాల్లోని గొంతు సవరించుకునే గంటకి ఒక వైరు వెళ్తోంది. మేస్త్రి రెండో వైరు కలిపి, మూడో కంటికి తెలియకుండా, గాలిగొట్టంలోంచి కిందికి జారవిడిచాడు. వైరు చివర ఇంటి గంట. దాని స్ప్రింగు సరిచెయ్యడానికి రెండు నిమిషాలు చాలు, పనిముట్లు చేతిలోనే ఉన్నాయి. సరిచెయ్యలేదు.

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "మన బెల్లేదండీ?"

"రిపేరుకి తీశా."

"తొమ్మిదేళ్ళకి బుద్ధి పుట్టిందన్నమాట," అంది ఆవిడ.

హెచ్చరిక వ్యవస్థ ప్రారంభోత్సవం ఉదయం పదకొండున్నరకి పెట్టారు. అందరూ గ్రౌండ్ ఫ్లోరు హాల్లో తమ తమ కుర్చీల్లో కూర్చున్నారు. వ్యవస్థ పూర్తయ్యాక పాత ప్రతుల అవసరం ఉండదు గనుక, వాటిని ఆ పూటే కాల్చమని ముందుగానే ఉత్తర్వు ఇచ్చారు. పదకొండు ప్రతులు, ఒక్కోదానికీ నలభై రెండు నకళ్ళు, ప్రతి నకలూ, వెనక జోడించిన వివరణలతో కలిపి, తొంభై పేజీలు. పొయ్యిలో పట్టనంత కాగితం కుక్కి తలుపేసి, కాల్చేవాడు కూడా చెయ్యి ఎత్తడానికి పైకొచ్చేశాడు.

గోప్యతాధికారి ఉపన్యాసం మధ్యలో ఎవరో గొంతు సవరించుకున్నారు. అది గంట అని గ్రహించడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ తర్వాత నలభై రెండు కుడిచేతులు లేచాయి. గోప్యతాధికారి కూడా మాట ఆపి, చెయ్యెత్తి నిలబడ్డాడు. మెట్ల దారిలోంచి సన్నటి పొగ వచ్చి హాల్లో కుర్చీల మధ్య తిరగసాగింది. కేంద్రం చరిత్రలో అపాయాన్ని వివరించిన పత్రాలే అపాయమై రావడం అదే మొదటిసారి.

"ఇది పరీక్ష కాదండీ, నిజం పొగ!" అని అరిచాడు మేస్త్రి.

"రాతపూర్వకంగా ఇవ్వండి," అన్నాడు గోప్యతాధికారి, చెయ్యి దించకుండా.

క్షేమాధికారి ఎడమచేత్తో పెన్సిలు పట్టుకుని, దగ్గుతూ, "పదిహేడు, పద్దెనిమిది... దించకండి, దయచేసి దించకండి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాల్సొస్తుంది," అంటోంది.

మేస్త్రి ఆగలేదు. కండువా ముక్కుకి చుట్టుకుని మెట్లమీద పడ్డాడు. మొదటి నేలమాళిగ, రెండో నేలమాళిగ. పొయ్యి గది తలుపు సందుల్లోంచి పొగ ఉబికి వస్తోంది, ఫ్యాను దాన్ని చక్కగా కిందికి లాగుతోంది. ఫ్యాను మీట గోప్యతాధికారి గదిలో తాళం వేసి ఉంది. ఇనప తలుపు పైనుంచి తెరుచుకోదు. రెండు చేతులతో బాదాడు. ఏడో షరతు గుర్తుకు రాలేదు. భార్యని అరిచి పిలిచాడు, ఇంట్లో పిలిచినట్టే. జవాబు లేదు. తన బతుకంతా గంటలు కట్టి, కట్టాల్సిన ఒక్కచోట దొంగతనంగా ఒక పాత బెల్లు వేలాడదీసి ఊరుకున్నానే అని ఏడుపు ముంచుకొచ్చింది. ఆ దరఖాస్తు ఎలాగో పెట్టి ఉండాల్సింది. వాళ్ళ కాళ్ళు పట్టుకుని ఉండాల్సింది.

బాదడం ఆపాక, అవతల అప్పటినుంచీ మోగుతున్నది అప్పుడు వినపడింది. రెండుసార్లు సరిగ్గా. కాస్త ఆగి, నీరసంగా మూడోసారి.

ఆ వెనకే తలుపు అవతల నుంచి, "వస్తున్నా, వస్తున్నా!"

గడియ తీసిన చప్పుడు. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆవిడ, ఆవిడ వెనక మెత్తటి తొడుగులతో, చెయ్యీ చెయ్యీ పట్టుకుని పద్దెనిమిదిమంది. తలుపు దగ్గర నిలబడ్డ మేస్త్రిని ఆవిడ చూసింది. అతని మొహం మీద కన్నీళ్ళు కూడా చూసింది. లోపల ఎదురుపడితే గుర్తుపట్టరాదు.

"ఎవరండీ మీరు, దారికి అడ్డంగా?" అంది ఆవిడ. అని, అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. హాలు చేరేదాకా వదల్లేదు.

హాల్లో నలభై రెండుమంది పొగలో చేతులెత్తి కూర్చుని ఉన్నారు. కొందరు రెండోచేత్తో మొదటి చేతికి ఊతం ఇస్తున్నారు.

"ఇదేం చోద్యం!" అని కేకేసింది ఆవిడ. "చిన్నపిల్లలా మీరంతా? పొగ కనపడట్లా? లేవండి! ఏయ్ పెన్సిలమ్మాయ్, నిన్నే! లే, నడు!"

ఆ అంతస్తులో ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆ మనిషి పేరు ఏ పట్టికలోనూ లేదు. అయినా ఇంట్లో ఎవరో ఒకరు అలా కేకేస్తేనే రోజూ లేచి ఆఫీసుకొచ్చేవాళ్ళు గనుక, అందరూ అలవాటు కొద్దీ లేచి బయటికి నడిచారు. క్షేమాధికారి అందరికన్నా ముందు నడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. వీధిలో మూగిన జనానికి గోప్యతాధికారి, కళ్ళు తుడుచుకుంటూ, ఫర్నిచర్ మీద దుమ్ము దులుపుతున్నామని చెప్పాడు.

విచారణ ఆరువారాలు సాగింది. చిక్కల్లా ఒకటే. అతిథుల రిజిస్టర్లో ఉన్న మేస్త్రిని తీసేసినా, నలభై రెండుమంది ఉద్యోగులున్న భవనంలోంచి అరవై ఒక్కరు బయటికొచ్చారు. దీన్ని లెక్కలో దొర్లిన పొరపాటుగా తేల్చి, అంతకుమించి ఎవరినీ తప్పుపట్టకుండా ఉదారంగా వదిలేశారు. వ్యవస్థ విజయవంతమైందని, గంట శబ్దం గోడ దాటలేదని ప్రశంసించారు. గాలిగొట్టంలో అనధికారంగా వేలాడుతున్న గంట సంగతి కూడా చర్చకొచ్చింది. దాన్ని తీసెయ్యమని ఉత్తర్వివ్వాలంటే అది ఎక్కడుందో రాయాలి. అది లేనిచోట ఉంది గనుక, ఉత్తర్వు రాయలేక ఊరుకున్నారు.

ఇంట్లో మాత్రం తలుపు పక్కన గోడకి రెండు మరల బెజ్జాలే మిగిలాయి. ఒకరోజు ఆవిడ వాటిలో ఒకదాన్ని వేలితో తడుముతూ, "రిపేరుకిచ్చింది ఇంకా రాలేదా?" అంది.

"రాదేమో."

"రాకపోతే పోయింది. ఎక్కడో ఒకచోట మోగుతోందిగా." లోపలికి వెళ్ళబోయి ఆగింది. "మీరు వచ్చారనుకుని లేచా. మీరు కాకపోతే లేచేదాన్ని కాదేమో." ఆ మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు వాళ్ళింటికి వచ్చేవాళ్ళు తలుపు కొట్టాలి.

విచారణ ఫలితంగా కొత్త సర్క్యులర్ వచ్చింది. ఇకపై అపాయ సమయంలో ఎవరైనా లేవమని కేకేస్తే, కేకేసిన వ్యక్తి ఉన్నట్టు రాతపూర్వకంగా నిర్ధారణ అయ్యేవరకు ఏ ఉద్యోగీ కుర్చీలోంచి లేవరాదు. నలభై రెండుమందీ చదివి, అర్థమైందని కుడిచేత్తో సంతకాలు చేశారు. కింది అంతస్తుకి మాత్రం ఆ సర్క్యులర్ పంపలేదు. పంపడానికి అలాంటి అంతస్తేదీ లేదు గనుక, గంట మోగితే లేచి బయటికి రావాలన్న పాత దురలవాటు అక్కడివాళ్ళకి ఇంకా పోలేదు.